నాగార్జునకొండ : జలమధ్య పురావస్తు ప్రదర్శనశాల

పురావస్తు ప్రదర్శనశాలలు సాధారణంగా పట్టణాల నడుమ ఉంటాయి. ఎక్కడెక్కడో లభించిన శిల్పాలనూ, శాసనాలనూ, నాణేలనూ ఒక భవనంలోకి తరలించి, గాజు పెట్టెలలో అమర్చి, పక్కన ఒక పలక మీద నాలుగు మాటలు వ్రాసి ఉంచుతారు. నాగార్జునకొండ ప్రదర్శనశాల ఇందుకు భిన్నమైనది. అది ఒక దీవి మీద ఉంది. ఆ దీవి ఒకప్పుడు దీవి కాదు, కొండ. ఆ కొండ పాదం చుట్టూ ఉన్న లోయలో రమారమి 1700 సంవత్సరాల క్రితం ఒక రాజధాని వెలసింది. నేడు ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగి ఉంది. లోయలో దొరికిన సంపదలో కాపాడగలిగినంత మేరకు కొండశిఖరానికి చేర్చి భద్రపరిచారు. ఈ ప్రదర్శనశాలను చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదే. ఏది కాపాడబడింది, ఏది కోల్పోయాము అన్న రెండు ప్రశ్నలనూ మనసులో ఉంచుకొని ఆ మెట్లెక్కాలి.

నాగార్జునకొండ ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడు జిల్లాకు చెందినది. 2022కు పూర్వం ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరుకొని, అక్కడి రేవులో లాంచీ ఎక్కితే ఇంచుమించు గంట ప్రయాణం. శుక్రవారం ప్రదర్శనశాలకు సెలవు. ఈ సంగతి తెలియక రేవు దాకా వచ్చి వెనుదిరిగే విద్యార్థి బృందాలు తక్కువేమీ కాదు. లాంచీల రాకపోకలు వాతావరణాన్నీ, నీటి మట్టాన్నీ బట్టి మారుతుంటాయి కనుక ముందుగా విచారించుకోవడం మేలు. లాంచీలో కూర్చున్నవారు దూరాన ఉన్న ఆనకట్టను చూస్తూ ఉంటారు. నిజానికి చూడవలసినది, కంటికి కనిపించనిది, పడవ అడుగున ఉంది.

ఆ లోయ స్వరూపాన్ని కొంచెం ఊహించుకోవాలి. మూడు వైపులా నల్లమల కొండల శాఖలు, నాలుగవ వైపున కృష్ణానది. ప్రకృతియే కోటగోడ కట్టి, అగడ్త తవ్విన చోటు. విస్తీర్ణం ఇంచుమించు 23 చదరపు కిలోమీటర్లు. శాతవాహన సామ్రాజ్యం క్షీణించిన తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు వంశీయులు ఈ లోయను రాజధానిగా చేసుకొన్నారు. శాసనాలలో నగరం పేరు విజయపురి, కొండ పేరు శ్రీపర్వతం. వాసిష్ఠీపుత్ర శ్రీ చాంతమూలుడు వంశస్థాపకుడు. అతని తరువాత మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, వాసిష్ఠీపుత్ర ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు రాజ్యం చేశారు. ఆచార్య నాగార్జునుడు ఈ కొండ మీదనే నివసించాడని ప్రతీతి. టిబెట్టు సంప్రదాయం కూడా ఆయనను శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. అయితే ఇక్ష్వాకుల శాసనాలలో ఆయన ప్రసక్తి కానరాదు. కొండకు ఆయన పేరు తరువాతి కాలంలో వచ్చినది. ప్రతీతిని ప్రతీతిగానే గౌరవించాలి, శాసనాన్ని శాసనంగానే చదవాలి. చరిత్ర చదువుకొనే విద్యార్థి ఈ రెండింటినీ కలగాపులగం చేయరాదు.

ఇక్ష్వాకుల తరువాత నగరం అడవి పాలయింది. అనేక శతాబ్దాల తరువాత కొండ మీద ఒక కోట వెలసి, అదీ శిథిలమయింది. లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు మాత్రం మిగిలాయి. 1926లో శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతి అనే తెలుగు సహాయకుడు ఈ లోయలోని శిథిలాలను గుర్తించి వెలుగులోకి తెచ్చారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. దొరికిన ప్రాకృత శాసనాలను వోగెల్ పండితుడు పరిష్కరించి ప్రకటించారు. 1938 ప్రాంతంలో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వించారు. అప్పటికి బయటపడినది లోయలో కొంత భాగమే.

ఇంతలో కృష్ణానది మీద మహా ఆనకట్ట నిర్మించాలన్న నిర్ణయం జరిగింది. 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే లోయ మునిగిపోతుంది. ఒక వైపు లక్షల ఎకరాల మెట్ట భూములకు నీరు, మరొక వైపు మళ్ళీ సంపాదించలేని ఒక ప్రాచీన నగరం. ఈ రెండింటిలో ఏది ఎక్కువ అన్న ప్రశ్నకు ఇంట్లో కూర్చొని సమాధానం చెప్పడం తేలిక. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల విద్యార్థులలో చాలామంది ఇంట అన్నం ఈ సాగరు కాలువల నీటితో పండినదే. వారిని నిలబెట్టి, ఆ లోయ కోసం ఆనకట్ట మానివేయవలసిందా అని అడగడం న్యాయం కాదు. అట్లాగని, పోయినదేమీ లేదనడమూ సత్యం కాదు.

నాటివారు ఈ చిక్కుకు ఒక మార్గం చూశారు. నీరు రాకముందే లోయనంతా తవ్వి చూడాలని సంకల్పించారు. భారత పురావస్తు శాఖ ప్రత్యేకంగా ఒక బృందాన్ని ఏర్పరచి, డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుండి 1960 వరకు తవ్వకాలు సాగించింది. సాధారణంగా పురావస్తు తవ్వకానికి తొందర పనికిరాదు. ఒక గుంట తవ్వి, మట్టి పొరలను గుర్తించి, దొరికిన పెంకుముక్కకు సైతం స్థానం నమోదు చేసుకొని ముందుకు సాగాలి. ఇక్కడ మాత్రం నది తరుముకొస్తున్నది. లోయను పటం మీద గళ్ళుగా విభజించి, వందకు పైగా స్థలాలలో తవ్వారు. పాతరాతియుగపు పనిముట్లు మొదలుకొని మధ్యయుగాల ఆలయాల వరకు మానవ నివాసపు ఆనవాళ్ళు వరుసగా వెలువడ్డాయి. బౌద్ధ నిర్మాణాలే 30కి పైగా బయటపడ్డాయి. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట వల్ల మునగబోయిన అబూ సింబెల్ ఆలయాలను ఎత్తున నిలబెట్టిన కథ లోకప్రసిద్ధం. అది 1960వ దశకపు సంగతి. అంతకు ముందే కృష్ణా లోయలో అటువంటి యత్నం మొదలయిందన్న విషయం మనవారికే ఎక్కువగా తెలియదు.

తవ్విన కట్టడాలన్నింటినీ తరలించడం అసాధ్యం. ముఖ్యమైన వాటిలో తొమ్మిదింటిని కొండ మీద తిరిగి నిర్మించారు. కొన్నింటిని ఆనకట్టకు చేరువన ఒడ్డున ఉన్న అనుపు గ్రామం వద్ద పునర్నిర్మించారు. మరికొన్నింటికి నమూనాలు చేశారు. తక్కినవి నీటి పాలయ్యాయి. 1966లో కొండ మీద ప్రదర్శనశాల ప్రారంభమయింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికం కాదు.

ప్రదర్శనశాల భవనాన్ని బౌద్ధ విహారం పోలికలో కట్టారు. లోపలికి అడుగిడగానే శిల్పాల వద్దకు పరుగెత్తకుండా, ముందుగా మునిగిన లోయ నమూనాను చూడాలని నా అభిప్రాయం. అందులో కొండలు, నది, స్తూపాలు, విహారాలు, రాజప్రాసాదం ఉన్న చోటు, అన్నీ కనిపిస్తాయి. శిల్పం తన స్థానం నుండి తొలగితే సగం మాటలు మరచిపోతుంది. ఏ స్తూపానికి ఏ దిక్కున నిలిచినదో, ఎవరు నడిచే దారిలో ఎదురయినదో తెలిస్తేనే దాని అర్థం సమగ్రమవుతుంది. అమరావతి శిల్పాలు చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయి. నాగార్జునకొండ శిల్పాలు కూడా కొన్ని ఢిల్లీకి, పారిస్‌కు చేరాయి. అయినా వీటిలో అధికభాగం పుట్టిన కొండ మీదనే నిలిచాయి. ఈ అదృష్టం మన దేశంలో అన్ని శిల్పాలకూ పట్టలేదు.

ఈ శిల్పాలు చెక్కిన రాయి పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ గలిగి, ఉలికి లొంగి, నునుపు దేరే గుణం దీనిది. పొడవైన దూలాల వంటి ఫలకాల మీద జాతక కథలనూ, బుద్ధుని జీవిత ఘట్టాలనూ వరుస దృశ్యాలుగా చెక్కారు. దృశ్యానికీ దృశ్యానికీ నడుమ ఒక మిథునం, అనగా స్త్రీపురుషుల జంట, నిలిచి ఉంటుంది. మన పుస్తకాలలో అధ్యాయానికీ అధ్యాయానికీ నడుమ వచ్చే అలంకారం వంటిదన్నమాట. కొన్ని ఫలకాలలో కథ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. తెలుగు చదివే అలవాటుతో ఎడమ నుండి ప్రారంభిస్తే కథ తలకిందులవుతుంది. కారణం ఆలోచిస్తే తేలికే. భక్తుడు స్తూపాన్ని తన కుడి చేతి వైపున ఉంచుకొని ప్రదక్షిణం చేస్తాడు. అతడు స్తూపం వైపు తిరిగి నిలిచినప్పుడు అతని నడక కుడి నుండి ఎడమకే సాగుతుంది. శిల్పి పాఠకుని కన్నుకు కాక, భక్తుని పాదానికి అనుగుణంగా కథ కూర్చాడు.

కథలలో మాంధాత జాతకాన్ని తప్పక చూడాలి. భూలోకాన్నంతా ఏలిన మాంధాతకు తృప్తి కలుగలేదు. స్వర్గానికి వెళ్ళాడు. ఇంద్రుడు తన సింహాసనంలో సగం ఇచ్చాడు. సగంతోనూ తనివి తీరక మొత్తం కోరాడు. ఆ కోరికతోనే పతనమయ్యాడు. ఈ కథను రాజాశ్రయంలో ఉన్న శిల్పులు, రాజు రోజూ చూడగలిగిన చోట చెక్కారన్న సంగతి గమనించదగినది. శిబి, చాంపేయ, శశ జాతకాలు కూడా ఇక్కడి శిల్పాలలో ఉన్నాయి. బుద్ధుని కొన్ని చోట్ల పాదముద్రలు, శూన్యాసనం, ధర్మచక్రం వంటి సంకేతాలతో మాత్రమే సూచించగా, మరికొన్ని చోట్ల మానవాకృతిలో మలిచారు. ఒకే లోయలో రెండు భావనలూ కలిసి ఉండినవి. ఇక్కడ అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు మొదలైన వేర్వేరు శాఖల భిక్షువులు ఇరుగు పొరుగుగా జీవించారు. వీరి విహారాలన్నీ ఒకే తీరుగా ఉండవు.

మహాచైత్యం గురించి కొంత వివరంగా చెప్పాలి. దాని వ్యాసం సుమారు 106 అడుగులు. భట్టిప్రోలు స్తూపం వలె ఇది పూర్తిగా ఇటుకలతో నింపి కట్టినది కాదు. దీని పునాది బండిచక్రం ఆకారంలో ఉంటుంది. నడుమ కుండ, చుట్టూ కమ్మి, రెండింటినీ కలుపుతూ ఆకులు. ఈ గోడల నడుమ ఖాళీలను మట్టితో నింపారు. దీనివల్ల ఇటుకలు ఆదా అయ్యాయి. బరువు నలుదిక్కులకూ సమంగా పంచబడింది. పైగా ధర్మచక్రం స్తూపగర్భంలోనే ఇమిడింది. పొదుపు, పటుత్వం, ప్రతీక అనే మూడు ప్రయోజనాలను ఒక్క గీతతో సాధించిన ఆ స్థపతి పేరు మనకు తెలియకపోవడం విచారకరం. ఈ చైత్యంలో లాంగ్‌హర్స్ట్‌కు చిన్న స్వర్ణకరండంలో భద్రపరిచిన అస్థిధాతువు లభించింది. అది ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారంలో ఉంది. స్తూపానికి నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు నిలిపారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి సంకేతాలు.

ఆ స్తంభాల మీది శాసనాలు చదివితే మరొక లోకం తెరుచుకొంటుంది. దాతలలో అధికులు స్త్రీలు. రాజులు అశ్వమేధాది వైదిక క్రతువుల పట్ల ఆసక్తి చూపగా, వారి ఇంటి స్త్రీలు బౌద్ధ సంఘాన్ని పోషించారు. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి అతని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించి స్తంభాలు నిలిపింది. అతని రాణులలో బాపిసిరినిక మరొక మేనత్త కుమార్తె. మేనరికం మన ఇళ్ళలో ఎంత పాతదో ఈ రాళ్ళు సాక్ష్యం చెబుతాయి. ఉజ్జయిని రాజపుత్రిక రుద్రధరభట్టారిక కూడా ఇక్కడి దాతలలో ఒకరు.

అయితే నన్ను అన్నింటికంటె ఎక్కువగా ఆకర్షించినది రాజకుటుంబానికి చెందని ఒక గృహిణి శాసనం. ఆమె పేరు బోధిసిరి. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఆమె చుల్లధమ్మగిరి మీద తామ్రపర్ణి, అనగా సింహళదేశపు భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు ధర్మప్రచారం చేసిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాల పేర్లు ఉన్నాయి. నేడు జలాశయం నడుమ ఒంటరిగా నిలిచిన ఈ కొండకు ఆనాడు చీనా దాకా చుట్టరికం ఉండేది. బోధిసిరి అక్కడితో ఆగలేదు. వేరే చోట్ల తాను చేయించిన మండపాలనూ, గదులనూ, స్తంభాలనూ పేరు పేరునా చెప్పుకొన్నది. వాటిలో కంటకసేల ఒకటి. అది నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల.

ఇక్కడ భాషా విద్యార్థులకు ఒక మాట. ఈ శాసనాలలో ఎక్కువ భాగం ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో ఉన్నాయి. ఎహువల చాంతమూలుని కాలానికి సంస్కృత శాసనాలు కూడా కనిపిస్తాయి. తెలుగు శాసనం ఇంకా పుట్టలేదు. అయినా ఈ ప్రాకృతాన్ని వింటే మనకు పరాయిగా తోచదు. రాజకుమార్తె పేరు అడవి చాంతిసిరి. సంస్కృతంలోని ‘అటవి’ ప్రాకృతంలో ‘అడవి’ అయింది. మనం నేటికీ అదే రూపాన్ని వాడుతున్నాము. ‘శ్రీ’ ప్రాకృతంలో ‘సిరి’. మన ‘సిరిసంపదలు’ అనే జంటపదంలో అది నిలిచి ఉంది. ‘స్తంభం’ ఈ శాసనాలలో ‘ఖంభ’. మన ‘కంబము’ దాని నుండి వచ్చినదే. ‘మహాతలవర’ అనే ఉద్యోగనామం నుండి ‘తలవరి’, ‘తలారి’ అనే మాటలు ఏర్పడ్డాయని కొందరు పండితులు భావించారు. తద్భవాలను వ్యాకరణ పుస్తకంలో కంఠస్థం చేసి విసుగుచెందిన విద్యార్థి, ఆ మార్పు జరుగుతుండగా రాతి మీద పట్టుబడిన ఈ చోట కొంతసేపు నిలబడాలి.

ఛాయాస్తంభాలను కూడా విడిచిపెట్టరాదు. మరణించినవారి స్మృతికై నిలిపిన స్తంభాలు ఇవి. చాంతమూలుని స్మారకస్తంభాన్ని వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో ఆ రాజు తల్లులు, తోబుట్టువులు, భార్యలు కలిసి నిలిపారు. రాజులకే కాదు, సేనానులకు, సామాన్య సైనికులకు, చేతిపనివారికి, ధార్మికులకు కూడా ఇటువంటి స్తంభాలు ఎత్తించారు. పలనాటి సీమలో తరువాతి కాలంలో వెలసిన వీరగల్లులకు ఇవి పూర్వరూపాలని భావించవచ్చు. రాజప్రాసాద స్థలంలో లభించిన ఒక స్తంభం మీద గడ్డం పెంచి, పొడుగు అంగీ తొడిగిన శకభటుడు దర్శనమిస్తాడు. రోమను చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం కూడా ఈ లోయలో దొరికింది. కృష్ణా ముఖద్వారం నుండి సముద్ర వర్తకం ఎంత దూరం లోపలికి వచ్చిందో ఆ చిన్న నాణెం చెప్పినంత సూటిగా మరొకటి చెప్పలేదు.

భవనం వెలుపల, దీవి మీద తిరిగి కట్టిన స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, ఒక బృహచ్ఛిలా సమాధి ఉన్నాయి. ఎండలో నడవలేక చాలామంది ప్రదర్శనశాల చూసి లాంచీకి మళ్ళిపోతారు. ఆ సమాధి ఇక్ష్వాకుల కంటె ఎన్నో వందల సంవత్సరాలు పాతది. విజయపురి నిర్మాతలకే అది ప్రాచీన వస్తువు. దాని పక్కన నిలుచుంటే చరిత్ర లోతు ఎంతో తెలుస్తుంది. తిరిగి కట్టిన కట్టడాలను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇవి అసలు స్థానంలో ఉన్నవి కావు. కొన్ని కేవలం నమూనాలు. పక్కన ఉన్న ఫలకం చదివి, ఏది ఏదో నిర్ణయించుకోవాలి. రాళ్ళు, ఇటుకలు కొండ ఎక్కాయి గాని మట్టి పొరలు ఎక్కలేదు. రేపటి శాస్త్రజ్ఞుడు కొత్త పరికరాలతో అడగదలచుకొన్న ప్రశ్నలకు సమాధానాలు ఆ పొరలలోనే ఉండేవి. పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెల వారు కూడా తమ ఇళ్ళు, పొలాలు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఇక్ష్వాకుల విజయపురి రెండవసారి అంతరించింది. ఆ పల్లెలకు మాత్రం అదే మొదటిసారి.

కాలం మిగిలితే తిరుగు ప్రయాణంలో అనుపును కూడా చూడాలి. అక్కడ ఒక విహార సముదాయంతో పాటు విజయపురి రంగస్థలాన్ని పునర్నిర్మించారు. నడుమ దీర్ఘచతురస్రాకారపు ఆటస్థలం, నాలుగు వైపులా మెట్లుగా ఎత్తు పెరుగుతూ పోయే ఆసనాలు. అసలు స్థలంలో దానికి ఆనుకొని ఉన్న కొండ మీద హారీతీదేవి ఆలయం ఉండేది. సంతానాన్ని రక్షించే దేవతగా ఆమెను కొలిచేవారు. భిక్షువుల విహారాలు, రాజు అశ్వమేధ వేదిక ఉన్న లోయలోనే నగరజనం వినోదం కోసం కూడి కూర్చొనే చోటు కూడా ఉండేదన్నమాట. ఆసనాల మీద కొన్నింటిపై త్రిశూలం మొదలైన గుర్తులు గీసి ఉన్నాయి. ఎవరి చోటు ఎవరిదో తెలుపుకోవడానికి గీసుకొన్నారేమో. పై మెట్టు మీద ఒకరు కూర్చొని, నడుమ ఆటస్థలంలో మరొకరు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. ఆ మాట పైదాకా స్పష్టంగా వినవస్తుంది.